రెండు ఓవెన్ థర్మామీటర్లు రెండు రకాలుగా చూపిస్తున్నాయి: దేన్ని నమ్మాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 30 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) ఉంది. రెండేళ్లుగా అందులో కేకులు, బిస్కెట్లు చేస్తున్నాను. ఏడాది నుంచి మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు పుట్టినరోజులకు నాకే కేకు చెబుతున్నారు కాబట్టి, ఒక్కటి పాడైనా వెన్న, గుడ్ల ఖర్చుతో పాటు ఇచ్చిన మాట కూడా పోతుంది.

కేకు ఒకవైపు కాస్త ఎక్కువగా కాలుతోందని ఆరు నెలల కిందట ఒక ఓవెన్ థర్మామీటర్ కొన్నాను. గుండ్రటి ముఖం, లోపల ముల్లు, 50 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు గీతలు ఉన్న మామూలు స్టీలు రకం. నాబ్ 180 దగ్గర పెడితే అది 160 చూపించింది. ఓవెన్‌లో వేడి చాలడం లేదనుకుని, అప్పటి నుంచి నాబ్ 200 దగ్గర పెట్టి, థర్మామీటర్ 180 చూపించాకే టిన్ను లోపల పెడుతున్నాను. కానీ ఈ మధ్య కేకు పైభాగం అరగంటకే ముదురు రంగుకు వచ్చి, నడిమిలో పొంగి పగులుతోంది. టూత్‌పిక్ గుచ్చితే తడిపిండి అంటుకుని వస్తోంది. అదే సమయంలో అరకిలో కేకుల నుంచి కిలో కేకులకు మారాను, అందువల్ల తప్పు ఓవెన్‌దా, టిన్నుదా, పిండిదా అన్నది తేల్చుకోలేకపోయాను.

గత వారం వేరే చోట ఇంకో థర్మామీటర్ కొని, రెండింటినీ ఒకే ర్యాక్ మీద, పాతది ఎడమవైపు, కొత్తది కుడివైపు పెట్టి, నాబ్ 180 దగ్గర ఉంచి అరగంట ఆగి చూశాను. పాతది 160, కొత్తది 185. ఐసు నీళ్లలో పెట్టి చూసుకోమని కొందరు చెప్పారు గానీ, గీతలే 50 నుంచి మొదలయ్యే పరికరాన్ని సున్నా దగ్గర ఎలా పరీక్షించాలో నాకు అర్థం కాలేదు. ల్యాబ్‌కు పంపకుండా ఇంట్లోనే ఈ రెండింటిలో ఏది నిజం చెబుతోందో తేల్చుకునే మార్గం ఉందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (గుంటూరు నుంచి)

మీ వంటింట్లోనే ఒక కొలబద్ద ఉందండీ, అది పంచదార. స్వచ్ఛమైన పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీకు కావలసిన 180కి అది బాగా దగ్గర.

అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న దొప్పలా మడిచి, ఒక చెంచా పంచదార పలుచగా పరిచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో థర్మామీటర్ల పక్కనే పెట్టండి. సరిగ్గా 15 నిమిషాల తర్వాత చూడండి. గింజలు గింజలుగానే ఉంటే లోపల వేడి 186 కంటే తక్కువ, పాకంలా కరిగి ఉంటే అంతకంటే ఎక్కువ. నాబ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ కొత్త పంచదారతో ఇదే చేయండి. మొదటిసారి కరిగినప్పుడు ఏ థర్మామీటర్ 190కి దగ్గరగా ఉందో చూస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది. బెల్లం గానీ, పొడి చేసి అమ్మే ఐసింగ్ షుగర్ గానీ దీనికి పనికిరావు. బెల్లంలో తేమ, ఇతర పదార్థాలు ఉంటాయి, ఆ పొడిలో సాధారణంగా మొక్కజొన్న పిండి కలుపుతారు.

రెండవ జవాబు (విశాఖపట్నం నుంచి)

అమ్మా, నేను ఒక కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పంచదార పరీక్ష మంచిదే, కానీ దాని దగ్గరికి వెళ్లేముందు మీరు తేల్చుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. మీరు చూసిన 25 డిగ్రీల తేడాలో థర్మామీటర్ల తేడా ఎంత, అవి ఉన్న చోటు తేడా ఎంత? ఓటీజీలో రాడ్లు ఎదురుగా ఎర్రగా కనబడుతూ ఉంటాయి, వాటి వేడి గాలి ద్వారానే కాక నేరుగా కూడా తగులుతుంది. అందువల్ల ఒకే ర్యాక్ మీద జానెడు దూరంలో కూడా వేడి మారుతుంది. కేకు ఒకవైపు ఎక్కువగా కాలుతోందని మీరే రాశారు.

కాబట్టి మొదట ఏ ఖర్చూ లేని పని చేయండి. ఇప్పుడు చూసినట్లే మళ్లీ చూసి, రెండు అంకెలూ రాసుకుని, ఓవెన్ చల్లారాక వాటిని అటుదిటు మార్చి, ర్యాక్ ఎత్తు గానీ నాబ్ గానీ కదపకుండా మళ్లీ అరగంట వేడి చేసి చూడండి. తేడా థర్మామీటర్ వెంట వెళ్తే తప్పు థర్మామీటర్‌ది, చోటు దగ్గరే ఉండిపోతే తప్పు ఓవెన్‌ది. రెండూ కొంత కొంత ఉంటే, రెండుసార్లు వచ్చిన తేడాల సగటు థర్మామీటర్ల మధ్య తేడా అవుతుంది. ర్యాక్ మాత్రం మీరు కేకు పెట్టే ఎత్తులోనే ఉండాలి, పై రాడ్, కింది రాడ్ రెండూ వెలిగే విధంగా ఉండాలి.

చదివే పద్ధతి గురించి కూడా చెప్పాలి. థర్మోస్టాట్ ఓవెన్‌ను ఒకే వేడి దగ్గర పట్టి ఉంచదు. వేడి ఒక హద్దు దాటగానే రాడ్లను ఆపుతుంది, బాగా దిగాక మళ్లీ వెలిగిస్తుంది. మొదటిసారి వేడెక్కేటప్పుడు పెట్టిన అంకెను దాటి పైకి పోవడం కూడా మామూలే. అందుకని సిగ్నల్ లైటు కనీసం మూడుసార్లు ఆరి వెలిగేదాకా ఆగి, ఆ తర్వాత రెండేసి నిమిషాలకు ఒకసారి అద్దంలోంచే చూసి రాసుకుని, అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ అంకెల నడిమిది తీసుకోండి. తలుపు తెరిచారంటే ఆ కొలత పోయినట్లే, మళ్లీ మొదటి నుంచి ఆగాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ రకం థర్మామీటర్ లోపల వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికించి చుట్టలా చుట్టిన పట్టీ ఉంటుంది. వేడెక్కే కొద్దీ ఆ చుట్ట మెలి తిరుగుతుంది, దాని ఇరుసుకు బిగించిన ముల్లు కదులుతుంది. ఇందులో తప్పులు రెండు రకాలుగా వస్తాయి. కింద పడడం వల్లనో, మొదటే సరిగ్గా బిగించకపోవడం వల్లనో ముల్లు ఇరుసు మీద జరిగితే, తప్పు అన్ని గీతల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. పట్టీయే దెబ్బతింటే వేడి పెరిగే కొద్దీ తప్పు మారుతూ పోతుంది. మొదటి రకం తప్పున్న పరికరాన్ని పారేయనక్కరలేదు, ఎంత కలపాలో తెలిస్తే చాలు. రెండవ రకం తప్పున్నదాన్ని మాత్రం వాడవద్దు. ఏ రకమో తెలియాలంటే ఒక్కచోట చూస్తే సరిపోదు, రెండు తెలిసిన వేడిమిల దగ్గర చూడాలి. పై వేడిమి పంచదార ఇస్తుంది. కింది వేడిమికి మీ ఇంట్లో ఇడ్లీ పాత్ర ఉంది.

నీళ్లు మరుగుతున్నప్పుడు వచ్చే ఆవిరి, పాత్ర మూత బిగుసుకుని ఒత్తిడి పెరగనంతవరకు, నీరు మరిగే వేడిమి దగ్గరే ఉంటుంది. మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్లకు అది 100 డిగ్రీలు. ఎత్తు పెరిగే కొద్దీ సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మీకు అది సుమారు 98. ఇడ్లీ పాత్రలో నీళ్లు పోసి, ఖాళీ రేకుల మీద, నీళ్లు తగలకుండా, పాత్ర గోడకు ఆనకుండా రెండు థర్మామీటర్లనూ నిలబెట్టి మూత పెట్టండి. ఆవిరి జోరుగా బయటకు రావడం మొదలయ్యాక ఇంకో పది నిమిషాలు ఆగండి. లోపల గాలి మిగిలి ఉంటే వేడి తక్కువగా ఉంటుంది, ఆవిరి ఆ గాలిని తోసేయాలి. అప్పుడు మూతను మీకు అవతలివైపు వంచి తీయండి, ఆవిరి ముంజేతిని కాల్చేది ఆ క్షణంలోనే. ముల్లు నిదానంగా కదిలేది కాబట్టి మూత తీసిన కొన్ని సెకన్ల వరకు అంకె పడిపోదు, అద్దం మీది తడిని గుడ్డతో తుడిచి వెంటనే చదవండి. తర్వాత ఆరుబయట ఒకరోజంతా ఆరబెట్టాకే ఓవెన్‌లో పెట్టండి.

విజిల్ పెట్టిన ప్రెషర్ కుక్కర్‌లో మాత్రం ఈ పని చేయకండి. అందులో ఆవిరి దాదాపు 120 డిగ్రీలకు వెళ్తుందన్నది నిజమే, ఆ అంకె పనికొచ్చేదిలాగే కనిపిస్తుంది, కానీ ఆ ఒత్తిడికి ఈ అద్దం, ఈ అతుకులు తయారు చేసినవి కావు.

గీతలు పది డిగ్రీలకు ఒకటి చొప్పున ఉన్న ముఖం మీద రెండు మూడు డిగ్రీల తేడాకు అర్థం లేదు. ఐదు డిగ్రీల లోపు సరిపోతే ఆ పరికరం మీ పనికి చాలు. మీ పాత థర్మామీటర్ ఎప్పుడైనా కింద పడిందా అన్నది కూడా గుర్తుచేసుకుని రాయండి.

మూడవ జవాబు (అమెరికాలోని డెన్వర్ నుంచి)

విశాఖ పెద్దలు చెప్పిన ఎత్తు లెక్క మాకు ఇక్కడ బాగా అనుభవమైంది. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. కొత్తగా వచ్చినప్పుడు అది తెలియక, బాగానే ఉన్న థర్మామీటర్‌ను తప్పనుకుని పక్కన పడేశాను. ఇక్కడి కేకు కొలతల్లో తరచూ కనిపించే 350 ఫారన్‌హీట్ అంటే 177 సెల్సియస్. మీ థర్మామీటర్ ముఖం మీద రెండు వరుసల అంకెలు ఉంటే ఏ వరుస చదువుతున్నారో ఒకసారి చూసుకోండి. ఇక్కడి చాలా ఓవెన్లలో తేడా ఎంతో తెలిశాక ఆ మేరకు ఓవెన్‌నే సర్దుకునే వీలుంటుంది. ఓటీజీలో అలా ఉండదు కాబట్టి మీరు నాబ్ మీదే ఆధారపడాలి, అందుకే ముందు థర్మామీటర్ సంగతి తేలడం ఇంకా ముఖ్యం.

నాలుగవ జవాబు (బెంగళూరు నుంచి)

నేను ఎలక్ట్రానిక్స్ పని చేస్తాను. మీకు తెలిసినవాళ్ల దగ్గర వేడిమి కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒకరోజుకు అడిగి తెచ్చుకోండి. దానితో వచ్చే సన్నటి జంట తీగ చివర ఆవగింజంత పూస ఉంటుంది, దాన్ని కె టైప్ థర్మోకపుల్ అంటారు. అది ఓవెన్ వేడిని తేలిగ్గా తట్టుకుంటుంది గానీ దాని మీది తొడుగు తట్టుకోదు, అందుకని తొడుగు ఎంత వేడికి తయారైందో ప్యాకెట్ మీద చూసుకోకుండా ఓవెన్‌లో పెట్టవద్దు. దాని మంచి గుణం ఏమిటంటే, దాన్ని ఐసు ముక్కల నీళ్లలోనూ, మరిగే నీళ్లలోనూ ముంచి ముందే పరీక్షించవచ్చు. అక్కడ సరిగ్గా ఉంటే 180 దగ్గర కూడా రెండు మూడు డిగ్రీల లోపే ఉంటుందని నమ్మవచ్చు. పూసను పాత థర్మామీటర్ వెనుక, ర్యాక్‌కు తగలకుండా వదిలి, తీగను తలుపు అంచులోంచి బయటకు తీసి, మీటర్‌ను ఓవెన్ సెగ తగలనంత దూరంలో ఉంచండి. మీటర్ వేడెక్కితే దాని లెక్క తప్పుతుంది. పూస చిన్నది కాబట్టి రాడ్లు వెలిగి ఆరినప్పుడల్లా దాని అంకె గబగబా పైకీ కిందికీ పోతుంది. ముల్లు థర్మామీటర్ అంత వేగంగా కదలదు, నడిమి అంకె దగ్గరే మెల్లగా ఊగుతుంది. అది చూసి కంగారు పడకండి.

జ్వరం చూసే గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ పరికరాన్ని ఎవరైనా సూచిస్తే దీనికి వాడవద్దు. అది ఓవెన్‌లోని గాలిని కొలవదు, ఎదురుగా ఉన్న ఉపరితలాన్ని కొలుస్తుంది. మెరిసే స్టీలు ముందు పెడితే ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది, తలుపు అద్దంలోంచి చూస్తే అద్దం వేడిమే చెబుతుంది.

పంచదార పరీక్ష మీద ఒక్క మాట. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో, పంచదార స్ఫటికాలు విడిపోయే వేడిమి దాన్ని ఎంత వేగంగా వేడి చేశామన్నదాని మీద ఆధారపడుతుందని చూపించారు. చాలాసేపు ఉంచితే 186 కంటే కిందే అది రంగు మారి మెత్తబడుతుంది. గుంటూరు మిత్రులు 15 నిమిషాలని, ప్రతిసారీ కొత్త పంచదారని నొక్కి చెప్పింది అందుకే. ఆ రెండు షరతులూ దాటితే ఆ పరీక్షకు విలువ ఉండదు.

టంకం తీగ 183 డిగ్రీల దగ్గర ఖచ్చితంగా కరుగుతుందని మాలాంటివాళ్లకు వెంటనే తోస్తుంది. ఆ తీగలో సీసం ఉంటుంది. తినేవి వండే ఓవెన్‌లోకి దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకురావద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు (హైదరాబాద్ నుంచి)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మల్టీమీటర్ దొరకలేదు గానీ, మిగిలిన మూడు పనులూ ఈ మూడు రోజుల్లో చేశాను.

మొదట చోటు మార్చి చూశాను. పాతది ఎడమవైపు 160, కొత్తది కుడివైపు 185 అని ముందు రాశాను కదా, మార్చాక పాతది కుడివైపు 165, కొత్తది ఎడమవైపు 180 చూపించాయి. అంటే తేడా 25 నుంచి 15కు తగ్గింది. సగటు 20 థర్మామీటర్ల మధ్య తేడా అనీ, మా ఓవెన్ కుడివైపు ఎడమ కంటే 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనీ లెక్క తేలింది. కేకు ఎప్పుడూ కుడివైపే ఎక్కువగా కాలేది, ఆ సంగతి ఇప్పుడు అర్థమైంది.

రెండవ రోజు ఇడ్లీ పాత్ర. పది నిమిషాలు ఆవిరి పట్టించి మూత తీసి చూస్తే, కొత్తదాని ముల్లు 100 గీత మీద, పాతదాని ముల్లు 80 గీత మీద నిలబడి ఉన్నాయి. మళ్లీ మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగి చూసినా అవే అంకెలు. ఇక్కడ 98 రావాలి కాబట్టి కొత్తది 2 డిగ్రీలు ఎక్కువ, పాతది 18 డిగ్రీలు తక్కువ చూపిస్తున్నాయి.

మూడవ రోజు చక్కెర. కొత్త థర్మామీటర్ 180 చూపించినప్పుడు 15 నిమిషాలు ఉంచినా గింజలు పొడిపొడిగా అలాగే ఉన్నాయి, అంచున ఒకటి రెండు కాస్త పచ్చబడ్డాయి అంతే. కొత్త దొప్పలో కొత్త చక్కెర పోసి, నాబ్ పెంచి, అది 190 చూపించేలా చేసి 15 నిమిషాలు ఉంచితే, దొప్ప అడుగున లేత తేనె రంగులో పాకం నిలిచింది. అప్పుడు పాతది 170 దగ్గర ఉంది. అంటే 98 దగ్గరా, 186 దగ్గరా కూడా దాని తప్పు దాదాపు ఒకటే.

విశాఖ నుంచి రాసిన పెద్దలు అడిగిన ప్రశ్నకు మా అత్తయ్య సమాధానం చెప్పారు. కొన్న వారంలోనే మా బాబు దాన్ని కిచెన్ గట్టు మీది నుంచి నేల మీద పడేశాడట. అద్దం పగలలేదు కాబట్టి ఆవిడ తీసి అక్కడే పెట్టేశారు, నాకు చెప్పవలసినంత విషయం అనిపించలేదట.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఓవెన్ నాబ్ చెప్పింది మొదటి నుంచీ దాదాపు నిజమే. తప్పు చెబుతున్న ముల్లును నమ్మి, దాన్ని 180కి తేవడానికి ఆరు నెలల పాటు ప్రతి కేకునూ దాదాపు 200 డిగ్రీల దగ్గర కాల్చాను. పైన మాడి లోపల పచ్చిగా ఉండడానికి ఇంతకంటే వేరే కారణం వెతకక్కరలేదు. అరకిలో కేకులు పలుచగా ఉండి ఎలాగో ఉడికిపోయేవి, కిలో కేకుల్లో నడిమికి వేడి చేరేలోపే పైభాగం అయిపోయేది. నిన్న నాబ్ 180 దగ్గర పెట్టి, టిన్నును కాస్త ఎడమకు జరిపి, అరగంట దాటాక ఒకసారి తిప్పి పెట్టి అదే కిలో కేకు చేశాను. 55 నిమిషాలకు టూత్‌పిక్ పొడిగా వచ్చింది, పైన పగుళ్లు లేవు.

పాత థర్మామీటర్‌ను పారేయలేదు. దాని వెనుక చిన్న కాగితం అతికించి "18 కలుపు" అని రాసి పెట్టాను. ఇలా వాడుకోవచ్చు కదా?

రెండవ జవాబు ఇచ్చినవారు (విశాఖపట్నం నుంచి)

అమ్మా, మీరు చేసినంత శ్రద్ధగా మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు కూడా చేసేవారు కాదు. రెండు చోట్లా తప్పు ఒకేలా ఉంది కాబట్టి ముల్లు జరిగిందన్నది దాదాపు ఖాయం, 18 కలుపుకుని నిశ్చింతగా వాడుకోండి. ముల్లును చేత్తో తిప్పి సరిచేసే ప్రయత్నం మాత్రం చేయకండి, అద్దం తీస్తే ఆ ముఖం మళ్లీ సరిగ్గా మూసుకోదు. జరిగిన ముల్లు మళ్లీ జరిగే అవకాశం ఉంది కాబట్టి, నెలకోసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ 20 తేడా అలాగే ఉందో లేదో చూస్తూ ఉండండి. తేడా మారినరోజు ఇడ్లీ పాత్ర మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

ఆ కాగితం మాత్రం ఇప్పుడే ఊడదీయండి, ఓవెన్ వేడికి జిగురు కాలి పొగ వస్తుంది. "18 కలుపు" అన్న మాట ఓవెన్ బయట, నాబ్ పక్కన మార్కర్‌తో రాసుకోండి. చదివేటప్పుడు ఎలాగూ మీ కళ్లు అక్కడే ఉంటాయి.